పెరుగుటను దెలుపు ఇంగ్లీషు క్రియాపదములు



మన సంఘమునకు వచ్చు కాగితములలో పెక్కులు నేటికిని ఇంగ్లీషులోనే వచ్చుచున్నవి. బ్యాంకు తాఖీదు, ఎరువు బస్తామీది ముద్ర, విత్తనపు సంచికి కుట్టిన చీటి, మందు డబ్బాతోడి కాగితము, భూసేకరణ కచేరినుండి వచ్చు ఉత్తరము — వీనిలో తఱచుగా కానవచ్చు మాటలు పెరుగుటకు సంబంధించినవే. పంట పెరుగును, అప్పు పెరుగును, వడ్డీ పెరుగును, ధర పెరుగును, గడువు పెరుగును. తెలుగున మనము "పెరుగు" అను నొక్క క్రియతోనే ఇన్ని పనులు నడుపుకొనుచున్నాము. ఇంగ్లీషువారు ఒక్కొక్క పెరుగుదలకు ఒక్కొక్క మాటను వేఱుగా నుంచుకొనిరి. ఒక మాటకు బదులు మఱొక మాట యనుకొన్నచో నవ్వులపాలగుట మాత్రమే కాదు. సొమ్ము నష్టమగుటయు కలదు.

మా సంఘములో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. అఱువదేండ్లు దాటిన సభ్యు డొకరు వరిపంటమీద లక్ష రూపాయల ఋణము పొందియుండిరి. గడువు దగ్గఱపడగా బ్యాంకునుండి తాఖీదు వచ్చెను. అందులో "ది లోన్ ఎక్స్‌టెండెడ్ టు యూ ఫాల్స్ డ్యూ దిస్ మంత్" అని యుండెను. పట్టణములో చదువుకొనుచున్న తమ్ముని కుమారుడు దానిని చూచి, "పెదనాన్నా, నీ అప్పు పొడిగించినారట" అని చెప్పెను. "ఎక్స్‌టెండ్" అనగా పొడిగించుట యని అతడు బడిలో నేర్చుకొనియుండెను. పెద్దాయన ఆ మాట నమ్మి, ధాన్యము అమ్మిన సొమ్ముతో పాడిగేదెను కొనిరి. గడువు దాటిపోయినది.

నిజమునకు ఆ వాక్యమునకు అర్థము "మీకిచ్చిన ఋణము ఈ నెలలో చెల్లింపునకు వచ్చుచున్నది" అని మాత్రమే. 2024–25 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన పద్ధతిలో 3 లక్షల రూపాయలవఱకు పంటఋణములకు వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించినవారికి అందులో 3 తగ్గింపు. లక్ష రూపాయలకు ఏడాదికి 7,000 కావలసిన వడ్డీ 4,000 అగును. మన సభ్యునకు ఆ 3,000 రూపాయల తగ్గింపు పోయినది. పైగా గడువు దాటిన నాటినుండి హెచ్చు వడ్డీ పడినది. పిల్లవాని తప్పేమియు లేదు. అతడు నేర్చిన అర్థము సరియైనదే, కాని ఆ చోటికి తగినది కాదు. తప్పు మాది. ఆ తాఖీదును ఆయన చేతికిచ్చినవారము మేమే; చదివి చెప్పక పంపితిమి. ఆ లోపమును తీర్చుకొనుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. గ్రో

మిక్కిలి పాతమాట, చేనిలో పుట్టిన మాట "గ్రో". పచ్చదనమును దెలుపు "గ్రీన్", గడ్డిని దెలుపు "గ్రాస్" అను మాటలు దీనికి తోబుట్టువులు. దీని రూపములు: గ్రో, గ్రూ, గ్రోన్.

మన భాషలో "పైరు పెరుగును", "రైతు పైరును పెంచును" అని రెండు రూపములున్నవి. ఇంగ్లీషున రెంటికిని "గ్రో" యొక్కటే. "ప్యాడీ గ్రోస్" అనగా వరి పెరుగును. "ది ఫార్మర్ గ్రోస్ ప్యాడీ" అనగా రైతు వరి పండించును. కాని పశువులను పెంచుటకు "గ్రో" చెల్లదు. "ఐ గ్రో బఫెలోస్" అన్నచో వినువారు నవ్వుదురు. పశువులకును పిల్లలకును "రెయిజ్" లేదా "రేర్" అనవలెను. కోళ్లకును పట్టుపురుగులకును "రేర్" మిక్కిలి తగిన మాట.

ఇంకొక విశేషము కలదు. "గ్రో" ప్రక్కన గుణమును దెలుపు మాట వచ్చినచో, పెరుగుట యను అర్థము పోయి "క్రమముగా అగుట" అను అర్థము వచ్చును. "ది బుల్లక్ గ్రూ వీక్" అనగా ఎద్దు బలహీనమయ్యెను అని. ఇచట పెరిగినదేమియు లేదు, తఱిగినదే.

మందు డబ్బాలమీద "ప్లాంట్ గ్రోత్ రెగ్యులేటర్" అని యుండును. దీనిని ఎరువని యనుకొనరాదు. ఎరువు పైరునకు ఆహారము. ఇది పైరు పెరుగు తీరును మార్చునది మాత్రమే. ఇందులో కొన్ని పెరుగుదలను హెచ్చించును. కొన్ని ఏపుగా పెరుగుటను అణచును. కనుక "గ్రోత్" అను మాట చూచి పెరుగుదలకు మందని కొనక, ఏ పైరునకు, ఏ దశలో, ఎంత మోతాదున వాడవలెనో అడిగి తెలిసికొనవలెను.

2. ఇంక్రీజ్

లెక్కకును కొలతకును అందు పెరుగుదల యంతయు "ఇంక్రీజ్". ధర, దిగుబడి, జీతము, సభ్యుల సంఖ్య — ఇవి ఇంక్రీజ్ అగును. ఇదియు తనంత పెరుగుటకును, ఒకరు పెంచుటకును రెంటికిని చెల్లును.

ఈ మాటతో వచ్చు చిన్న మాటలే మనలను ముంచునవి. "ఇంక్రీజ్డ్ టు" అనగా అంతకు చేరినది. "ఇంక్రీజ్డ్ బై" అనగా అంత హెచ్చినది. బస్తా ధర 1,200 రూపాయలు ఉండగా "ఇంక్రీజ్డ్ టు 1,300" అన్నచో క్రొత్త ధర 1,300. "ఇంక్రీజ్డ్ బై 1,300" అన్నచో క్రొత్త ధర 2,500. రెండక్షరముల మాటలో ఎంత భేద మున్నదో చూడుడు.

వడ్డీ విషయమున మఱియు జాగ్రత్త వలయును. వడ్డీ నూటికి 7 ఉండగా "ఇంక్రీజ్డ్ బై టూ పర్సెంటేజ్ పాయింట్స్" అన్నచో అది 9 అగును. "ఇంక్రీజ్డ్ బై టూ పర్సెంట్" అన్నచో, ఖచ్చితముగా లెక్కించిన, ఏడులో నూటికి రెండు వంతులు మాత్రమే హెచ్చి 7.14 అగును. వ్రాయువారు గూడ ఒక్కొక్కప్పుడు ఈ భేదమును మఱచి, రెండవ మాట వ్రాసి మొదటి యర్థము నుద్దేశింతురు. కావున "క్రొత్త రేటు ఎంత?" అని అంకెలో అడిగి వ్రాయించుకొనుట మేలు.

ప్రకటనలలో "ఇంక్రీజెస్ యీల్డ్ అప్ టు 20 పర్సెంట్" అని వ్రాయుదురు. "అప్ టు" అనగా "అంతవఱకు". అయిదైనను, ఒకటైనను, ఏమియు లేకున్నను ఆ మాట తప్పు కాదు. ఇరువది తప్పక వచ్చునని అందులో లేదు.

3. రైజ్, రెయిజ్

వినుటకు ఒక్కటిగా నుండు ఈ రెండు మాటలు వేఱువేఱు. "రైజ్" అనగా తనంత పైకి వచ్చుట; దీని రూపములు రైజ్, రోజ్, రిజెన్. "రెయిజ్" అనగా ఒకరు పైకెత్తుట, రెయిజ్, రెయిజ్డ్. గోదావరి నీటిమట్టము "రోజ్" — తనంత పెరిగినది. వర్తకుడు ధరను "రెయిజ్డ్" — తాను పెంచినాడు. పత్రికలో "ప్రైసెస్ రోజ్" అని యున్నచో ఎవరు పెంచిరో చెప్పలేదని గ్రహింపవలెను.

"రెయిజ్"కు కాగితములలో మఱి రెండర్థములున్నవి. "రెయిజ్ ఎ లోన్" అనగా అప్పు తెచ్చుకొనుట. ఉన్న అప్పును పెంచుట కాదు. "డిమాండ్ రెయిజ్డ్" అనగా మీరింత చెల్లింపవలెనని లెక్క వ్రాసి పంపిరని అర్థము. బజారులో గిరాకి పెరిగినదని కాదు.

4. ఎక్స్‌పాండ్, ఎక్స్‌టెండ్

మన సభ్యునకు నష్టము తెచ్చిన మాటకు వచ్చితిమి. తెలుగున రెంటికిని "విస్తరించు" అనుచుండుటచే చిక్కు కలుగుచున్నది. లాటిను భాషలో మొదటిదానికి మూలార్థము విప్పి పఱచుట. రెండవదానికి మూలార్థము చాచుట. విస్తరి పఱచినట్లు నలువైపులకు పెరిగిన "ఎక్స్‌పాండ్". చేయి చాచినట్లు ఒక దిక్కునకు సాగిన "ఎక్స్‌టెండ్". ఈ రెండు బొమ్మలను మనస్సులో నుంచుకొన్నచో చాలును.

బండిచక్రమునకు ఇనుప పట్టా బిగించుట మీరెఱుగుదురు. పట్టాను నిప్పులో ఎఱ్ఱగా కాల్చి, చక్రముపై తొడిగి, నీళ్లు పోయుదురు. కాలినపుడు పట్టా అన్నివైపుల పెద్దదగును, ఇది "ఎక్స్‌పాండ్". చల్లారినపుడు బిగిసి చెక్కను పట్టుకొనును. పిల్లకాలువను మా చేనిదాటి మీ చేనివఱకు త్రవ్వినచో అది "ఎక్స్‌టెండ్". సంఘము వ్యాపారము పెంచి ఎరువులతోపాటు విత్తనములును అమ్మసాగినచో "ఎక్స్‌పాండ్". ఉన్న సేవనే ప్రక్క గ్రామమునకు చేర్చినచో "ఎక్స్‌టెండ్".

ఇప్పుడు చేయి చాచు బొమ్మతో ఋణపత్రమును చదువుడు. "లోన్ ఎక్స్‌టెండెడ్ టు యూ" అనగా మీవైపు చేయి చాచి ఇచ్చిన ఋణము. "డ్యూ డేట్ ఎక్స్‌టెండెడ్" అనగా గడువును చాచుట, అనగా పొడిగించుట. మాట యొక్కటే, చాచబడినది వేఱు. కావున "ఎక్స్‌టెండ్" కనబడగానే, "ఏది చాచబడినది? సొమ్మా, గడువా?" అని వెదుకవలెను. "లోన్" ప్రక్కన "టు యూ" అని మనిషిని జూపుచున్నచో సొమ్ము. "డేట్", "పీరియడ్", "టైమ్" అను మాటల ప్రక్కన నున్నచో గడువు. గడువు పొడిగించినచో క్రొత్త తేది తప్పక యుండును. క్రొత్త తేది లేని కాగితము గడువు పొడిగింపు కాగితము కాదు.

వ్యవసాయశాఖలో "ఎక్స్‌టెన్షన్ ఆఫీసర్" అను ఉద్యోగమునకు పేరు ఈ మాటనుండియే వచ్చినది. 1873లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము తన గోడలు దాటి ఊళ్లకు ఉపన్యాసకులను పంపి, ఆ పనికి "యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్" అని పేరిడెను. 1914లో అమెరికా దేశము స్మిత్–లీవర్ చట్టముచే కళాశాలల వ్యవసాయ విజ్ఞానమును రైతులకడకు చేర్చు ఏర్పాటు చేసెను. మన దేశములో 1953 అక్టోబరు 2వ తేదిన "నేషనల్ ఎక్స్‌టెన్షన్ సర్వీస్" మొదలయ్యెను. విస్తరణాధికారి అనగా పొలమును విస్తరింపజేయువాడు కాడు. విద్యను మన గట్టువఱకు చాచి యందించువాడు.

"ఎన్‌లార్జ్" అనగా ఉన్న వస్తువునే పెద్దది చేయుట: బావిని, గోదామును, ఫోటోను. "స్ప్రెడ్" అనగా పాఱి వ్యాపించుట: నిప్పు, వార్త, అగ్గితెగులు. "స్వెల్" అనగా ఉబ్బుట: నానిన సెనగలు, దెబ్బ తగిలిన కాలు, వరద వచ్చిన ఏరు.

5. అక్రూ, అక్యుములేట్, కాంపౌండ్

ఇవి మూడును సొమ్మునకు సంబంధించిన మాటలు; ఓపికతో చదువుడు.

"అక్రూ" అనగా బావిలో ఊట ఊరినట్లు తనంత చేరుట. దీనికిని "ఇంక్రీజ్"కును మూలము ఒక్కటే. వడ్డీ దినదినము ఊరుచుండును. మనము చూచినను చూడకున్నను ఆగదు. లక్ష రూపాయలకు నూటికి 7 చొప్పున దినమునకు సుమారు 19 రూపాయల 18 పైసలు ఊరును. "ఇంటరెస్ట్ అక్రూడ్" అనగా ఇంతవఱకు ఊరిన వడ్డీ. లెక్కలలో "అక్రూడ్ బట్ నాట్ డ్యూ" అని యున్నచో ఊరినది గాని, చెల్లింపవలసిన తేది ఇంకను రాలేదని అర్థము. "ఓవర్‌డ్యూ" అన్నచో ఆ తేది దాటిపోయినది.

"అక్యుములేట్" అనగా కుప్ప పడుట. లాటినున కుప్పను "క్యుములస్" అందురు. చెల్లింపక మిగిలిన బాకీలు ఒకదానిపై నొకటి చేరి "అక్యుములేట్" అగును. ఊట చేరుట మొదటిది; ఊరినది తోడక నిలువజేయుట రెండవది.

"కాంపౌండ్" అనగా వడ్డీని అసలులో కలిపి, ఆ మొత్తముపై మరల వడ్డీ కట్టుట. మన పెద్దలు చక్రవడ్డీ యనినది ఇదియే. ఇచట పిల్లయే తల్లియై మరల పిల్లలను పెట్టును. 10,000 రూపాయలు నూటికి 12 చొప్పున మూడేండ్లకు తెచ్చితిమనుకొందము. బారువడ్డీయైనచో ఏడాదికి 1,200. మూడేండ్లకు అసలు వడ్డీలు 13,600. ఏటేట కాంపౌండ్ చేసినచో మొదటి ఏట 11,200. రెండవ ఏట 12,544. మూడవ ఏట 14,049 రూపాయల 28 పైసలు. భేదము 449 రూపాయల 28 పైసలు. ఏడాదికొకమాఱు గాక మూడు నెలలకొకమాఱు కలిపినచో ఇంకను హెచ్చును. కనుక వడ్డీ రేటును మాత్రమే గాక, "కాంపౌండెడ్" అను మాట యున్నదా, ఉన్నచో ఎన్ని నెలలకొకమాఱు, అని చూడవలెను. నిలువ సొమ్ము దాచుకొనునప్పుడు ఇదే మాట మనకు మేలు చేయునని గూడ మఱవరాదు.

ఈ మాటకు వేఱర్థములును గలవు. "కాంపౌండింగ్ ఫీ" అనగా చిన్న నేరమును కోర్టుకు పోకుండ పరిష్కరించుకొనుటకై చెల్లించు సొమ్ము. అందులో చక్రవడ్డీ లేదు. ఇంటిచుట్టు కట్టు కాంపౌండు గోడ మాట మలయా భాషలోని "కంపుంగ్" నుండి వచ్చినదని పండితు లందురు. దానికిని వడ్డీకిని చుట్టఱికము లేదు.

6. మల్టిప్లై

ఒకటి పెక్కులగుట "మల్టిప్లై". గణితమున హెచ్చవేతయు ఇదియే. పచ్చదోమ "మల్టిప్లైస్" అనగా దాని సంతతి పెరుగుచున్నదని. ఒక్కొక్క పురుగు లావగుచున్నదని కాదు. అది ఒక చేనినుండి మఱొక చేనికి పోయినచో "స్ప్రెడ్స్". ఈ భేద మెఱిగినచో సలహా కాగితము చక్కగ బోధపడును.

విత్తనముల విషయమున "సీడ్ మల్టిప్లికేషన్" అను మాట వినియుందురు. పరిశోధకులయొద్ద నుండు కొలది విత్తనమును అంచెలంచెలుగా పెక్కు చేయుటయే ఇది. ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క రంగు చీటి: బ్రీడర్ విత్తనమునకు పసుపు, ఫౌండేషన్ విత్తనమునకు తెలుపు, సర్టిఫైడ్ విత్తనమునకు నీలము. ధ్రువీకరణ లేక, అమ్మువాని మాటమీదనే నడచు "ట్రూత్‌ఫుల్లీ లేబుల్డ్" విత్తనమునకు లేత ఆకుపచ్చ చీటి. ఇంగ్లీషు రానివారును రంగు చూచి సంచిని గుర్తింపవచ్చును.

7. ఎన్‌హాన్స్

"ఎన్‌హాన్స్" అనగా ఎత్తు చేయుట, హెచ్చించుట. రుచి, విలువ, గౌరవము వంటి మంచి గుణములతో ఇది తఱచుగా వచ్చును. మన దేశపు న్యాయస్థానములలో "ఎన్‌హాన్స్‌డ్ కాంపెన్‌సేషన్" అను మాట ప్రసిద్ధము: భూసేకరణలో మొదట నిర్ణయించిన పరిహారము చాలదని రైతు కోరగా పైవారు హెచ్చించిన పరిహారము. 2014 జనవరి 1వ తేదినుండి అమలునకు వచ్చిన 2013 సంవత్సరపు భూసేకరణ చట్టములో ఒక నియమమున్నది: హెచ్చు పరిహారమునకై దరఖాస్తు చేసికొనదలచినవారు మొదటి సొమ్మును "అండర్ ప్రొటెస్ట్" అని, అనగా అభ్యంతరముతో పుచ్చుకొనుచున్నామని తెలిపి తీసికొనవలెను. అట్లు తెలుపక పుచ్చుకొన్నవారు దరఖాస్తు చేయు హక్కును పోగొట్టుకొందురు. ఇట్టి సంతకమునకు ముందు న్యాయవాదిని అడుగుట మఱవకుడు.

8. థ్రైవ్, ఫ్లరిష్, డెవలప్

"థ్రైవ్" అనగా ఏపుగా, ఆరోగ్యముగా పెరుగుట. నల్లరేగడిలో ప్రత్తి థ్రైవ్ అగును, కలుపును అట్లే. "ఫ్లరిష్" పువ్వును దెలుపు లాటిను మాటనుండి వచ్చినది, వర్ధిల్లుట. "డెవలప్"కు మూలార్థము చుట్టినదానిని విప్పుట. గింజలో దాగిన మొక్క క్రమముగా బయటపడుట "డెవలప్". ఇండ్లస్థలముల బేరగాడు "డెవలప్‌డ్ ల్యాండ్" అన్నచో సాగుబడిచేసిన భూమి యని తలపకుడు. రోడ్లు వేసి ముక్కలు చేసినదని అర్థము.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములకు అర్థము చెప్పి, పిమ్మట మా సమాధానములతో సరిచూచుకొనుడు.

(1) "ది ల్యాస్ట్ డేట్ ఈజ్ ఎక్స్‌టెండెడ్ టు మార్చ్ 31."
(2) "వియ్ హావ్ ఎక్స్‌టెండెడ్ ఎ లోన్ టు ది మెంబర్."
(3) "ది ఫీ ఈజ్ ఇంక్రీజ్డ్ బై 50 రుపీస్."
(4) "ఇంటరెస్ట్ అక్రూస్ ఫ్రమ్ ది డేట్ ఆఫ్ ది లోన్."
(5) "ది కౌ గ్రూ థిన్."

సమాధానములు: (1) గడువు మార్చి 31వఱకు పొడిగింపబడినది. (2) సభ్యునకు ఋణమిచ్చితిమి. (3) రుసుము 50 రూపాయలు హెచ్చినది; మొత్తము 50 కాదు. (4) ఋణమిచ్చిన నాటినుండియే వడ్డీ ఊరును. (5) ఆవు చిక్కిపోయినది.

ముగింపు మాట

సభ్యులకు మా మనవి ఒక్కటే. ఇంగ్లీషు కాగితము వచ్చినపుడు దానిలో పెరుగుటను దెలుపు మాటయున్నచో మూడు ప్రశ్నలు వేసికొనుడు: పెరిగినది ఏది? ఎంతకు పెరిగినది? ఎవరికి మేలు? ఈ మూటిలో నేదైనను తెలియనిచో సంతకము చేయక సంఘ కార్యాలయమునకు తెండు. చదివి చెప్పుట మా విధి. చెప్పక పంపుట మఱల జరుగదు.

ఈ పాఠమును అచ్చునకు పంపకముందు ఆ పట్టణపు విద్యార్థికే మొదట చదివి వినిపించితిమి. "ఏది చాచబడినదో అడిగియుంటే మా పెదనాన్న సొమ్ము మిగిలియుండును గదా" అని అతడు చిన్నబోయెను. ప్రక్కనే యున్న పెద్దాయన, "మూడు వేలు పోయిన పోయినవి, ఊరందఱికి పాఠ మైనది. గేదె పాలు మాత్రము బాగుగా ఇచ్చుచున్నది" అనిరి. ఆ మాటకు మేమును నవ్వితిమి. కాని ఆ మూడు వేలను మేము మఱవలేదు.